వింతజంతువుల సాక్ష్యము

1832వ సంవత్సరములో కలకత్తా నగరమున ఒక మాసపత్రిక వెలువడ నారంభించినది. బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రిక అని దానికి పేరు. సంపాదకుడు జేమ్స్ ప్రిన్సెప్. మరి అయిదు సంవత్సరములకు అశోకుని బ్రాహ్మీలిపిని చదివి కీర్తి గడించినవాడు ఇతడే. ఆ పత్రిక తొలి సంపుటములోనే నేపాళదేశపు క్షీరదములను గూర్చి బ్రయన్ హాటన్ హాడ్జ్‌సన్ వ్రాసిన వ్యాస మొకటి అచ్చయినది. హాడ్జ్‌సన్ ఖాట్మండులోని బ్రిటిషు రెసిడెన్సీలో ఉద్యోగి. ఆ దేశపు జంతువులను, పక్షులను, బౌద్ధగ్రంథములను ఒకే శ్రద్ధతో సేకరించినవాడు. వానరజాతిని గూర్చి చెప్పుచు అతడు ఒక చిన్న సంగతి చేర్చినాడు. ఉత్తరపు కొండలలో తన వేటగాండ్రు ఒక అడవిమనిషిని చూచి బెదరినారట. అది నిటారుగా నడచినదట. ఒడలంతయు పొడవైన నల్లని వెండ్రుకలు, తోక లేదు. వారు దానిని రాక్షసుడని తలచి, తుపాకి పేల్చుటకు మారుగా పరుగెత్తి వచ్చినారు. హాడ్జ్‌సన్ ఈ మాటలను విన్నవి విన్నట్లు వ్రాసి, అది ఒరాంగుటాను వంటి వానరమై యుండునేమో యని ఊహించి, వారి చూపు ఎంతవరకు సరియైనదో తనకు సందేహమేనని కూడ వ్రాసినాడు.

ఈ కొద్ది వాక్యములు తరువాతి కాలమున ఎన్నో గ్రంథములకు ఆధారమైనవి. హిమాలయమున మనుష్యాకారముగల మృగ మొకటి కలదని వాదించువారు వేటగాండ్ర మాటను చూపుదురు. లేదని వాదించువారు హాడ్జ్‌సన్ సందేహమును చూపుదురు. ఉభయపక్షముల వారును గమనింపవలసిన విశేషము వేరొకటి ఉన్నది. హాడ్జ్‌సన్ మూడు విషయములను మూడుగానే ఉంచినాడు. వేటగాండ్రు చూచినది ఒకటి. చూచినదానికి వారు పెట్టిన పేరు ఒకటి. ఆ రెంటిపై తన అభిప్రాయ మొకటి. నల్లని వెండ్రుకలు, తోక లేకపోవుట, నిటారు నడక, ఇవి చూపునకు సంబంధించినవి. రాక్షసుడనుట భయము పెట్టిన పేరు. ఒరాంగుటాను అనుట చదువు పెట్టిన పేరు. పేరు తప్పినంతమాత్రమున చూపు తప్పినట్లు కాదు. చూపు నిజమైనంతమాత్రమున పేరు నిజము కాదు. వింతజంతువును కంటిమని ఎవరు వచ్చి చెప్పినను, దాని బొమ్మను తీసి తెచ్చినను, పరీక్ష ఈ విభజనతోనే ప్రారంభము కావలెను.

ఈ విభజన భారతీయులకు క్రొత్తది కాదు. మసకవెలుతురులో త్రాటిని చూచి పామని భ్రమించినవాడు అబద్ధమాడుటలేదు. వాని కంటికి నిజముగానే ఒక పొడవైన వస్తువు కనబడినది. దూరము, చీకటి, భయము మొదలైన దోషములను తీసివేసిన తరువాత మిగిలినదేమి యని నైయాయికులు ప్రశ్నించినారు. అంతటితో ఆగక, ఎవరి మాటను ప్రమాణముగా గ్రహింపవలెనో కూడ విచారించినారు. విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషికిని ఆర్యునికిని మ్లేచ్ఛునికిని సమానమేనని వాత్స్యాయనుడు న్యాయభాష్యములో స్పష్టముగా చెప్పినాడు. కొండవాడు చెప్పినాడని త్రోసివేయుటగాని, దొర చెప్పినాడని తలకెత్తుకొనుటగాని ఈ సూత్రమునకు విరుద్ధము. కలకత్తాలో వింతజంతువులపై జరిగిన విచారణ చరిత్ర యంతయు ఈ సూత్రమును పాటించిన సందర్భముల కథ, పాటింపని సందర్భముల కథ.

హాడ్జ్‌సన్ వ్యాసమునకు ముందే కలకత్తాకు ఒక వింతమృగపు వార్త చేరి యుండెను. సిక్కిము సరిహద్దు ప్రాంతమున సేనాధికారియైన మేజర్ లాటర్, టిబెట్టు లోపలి భాగములో ఒంటికొమ్ము గుఱ్ఱము నిజముగా కలదని పై అధికారులకు వ్రాసినాడు. ఈ వార్త 1820 ప్రాంతమున ఇంగ్లండు పత్రికల కెక్కినది. యూరపువారి పురాణములలోని మృగము ఆసియాలో దొరకినదని పలువురు సంతోషించినారు. తరువాత హాడ్జ్‌సన్ కృషివలన ఆ మృగముయొక్క చర్మము, కొమ్ములు కలకత్తాకు వచ్చినవి. వానిని పరీక్షించి వర్ణించినవాడు గవర్నరు జనరలు ఆమ్‌హర్‌స్టు వైద్యుడైన క్లార్క్ ఏబెల్. అది గుఱ్ఱము కాదు, ఒంటికొమ్ముది కాదు. రెండు పొడవైన కొమ్ములుగల చిరు అను టిబెట్టు జింక. ప్రక్కనుండి చూచునప్పుడు ఒక కొమ్ము వెనుక రెండవది మరుగగును. 1826లో ఏబెల్ ఆ జంతువునకు హాడ్జ్‌సన్ పేరే పెట్టినాడు. టిబెట్టువారు లేని మృగమును కల్పింపలేదు. వారు ఎరిగిన మృగమునకు దూరమున నున్నవారు తమ పురాణములోని పేరు తగిలించినారు.

హాడ్జ్‌సన్ డార్జిలింగులో నివసించుచున్న కాలమున, 1850లో, అదే ఏషియాటిక్ సొసైటీ పత్రికలో టాకిన్ అను జంతువును లోకమునకు పరిచయము చేసినాడు. మేకవంటి ముఖము, ఎద్దువంటి ఒడలు, అడవిబఱ్ఱెను తలపించు కొమ్ములు గల ఆ మృగమును గూర్చి మాటలలో మాత్రమే వినినవారు నమ్మియుందురా యనునది సందేహము. అయితే మిష్మీ కొండలనుండి దాని చర్మములు, పుఱ్ఱెలు వచ్చినవి. మిష్మీలు పిలుచు పేరునే శాస్త్రము స్వీకరించినది. పత్రిక ఒకటే, రచయిత ఒకడే, సాక్షులును కొండవారే. టాకిన్ శాస్త్రములో స్థానము పొందినది; అడవిమనిషి పొందలేదు. మొదటిదాని వెంట ఇతరులు మరల మరల పరీక్షింపదగిన వస్తువు వచ్చినది. రెండవదాని వెంట మాట మాత్రమే వచ్చినది. భేదమంతయు ఇదియే.

కొంతకాలమునకు లారెన్స్ వాడెల్ అను వైద్యుడు ఈ మాటనే వెంబడించినాడు. కలకత్తా వైద్యకళాశాలలో ఆచార్యుడుగా పనిచేసినవాడతడు. 1889లో ఈశాన్య సిక్కిములో మంచుపై పెద్ద అడుగుజాడలను చూచినాడు. అవి రోమశుడైన అడవిమనిషివని వెంటనున్నవారు చెప్పినారు. అతడు పలువురు టిబెట్టువారిని ప్రశ్నించినాడు. తానే చూచితినన్నవాడు ఒక్కడును దొరకలేదు. ప్రతివాడును మరియొకడు చూచినాడని వినినట్లే చెప్పినాడు. ఆ జాడలు మంచుప్రాంతపు ఎలుగుబంటివని అతడు నిశ్చయించి 1899లో అచ్చువేసిన గ్రంథములో వ్రాసినాడు. వాడెల్ వేసిన ప్రశ్న సులభమైనది. అది ఉన్నదా యని అడుగలేదు. నీవు చూచితివా యని అడిగినాడు. పరీక్షకునకు ఇంతకంటె పదునైన సాధనము దుర్లభము.

వస్తువు కలకత్తాకు రాలేదు. పేరు మాత్రము కలకత్తానుండి బయలుదేరినది. 1921లో ఎవరెస్టు శిఖరమార్గమును వెదకబోయిన ఆంగ్లబృందము లాక్పా లా కనుమవద్ద మంచుపై జాడలను చూచినది. నాయకుడైన హవర్డ్-బరీ అవి తోడేలు జాడలై యుండునని తలచినాడు. కూలీలు ‘మెతో కాంగ్మీ’ యని ఒక పేరు చెప్పినారు. కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు వ్రాయుచుండిన హెన్రీ న్యూమన్, డార్జిలింగులో ఆ కూలీలతో మాటలాడి, మొదటి పదమునకు రోతపుట్టించునట్టిదని అర్థము గ్రహించి, ‘జుగుప్సాకరుడైన మంచుమనిషి’ యని ఆంగ్లములో పేరు కూర్చినాడు. ఆ పేరు తనకు ఎంత ముచ్చటగా తోచినదో అతడే తరువాత ఒప్పుకొన్నాడు. పదముల అర్థమును గూర్చి పండితులు నేటికిని వాదించుచున్నారు. ఎట్లయినను పేరు ప్రపంచమంతట వ్యాపించినది. తోడేలు జాడ యన్న నాయకుని మాట మరుగుపడినది. హాడ్జ్‌సన్ విడదీసి ఉంచిన మూడు విషయములు ఇచ్చట ఒక్క ముద్దగా కలసిపోయినవి. ఒకే నగరమునుండి వెలువడు రెండు పత్రికలలో ఒకటి సందేహమును భద్రపరచినది, రెండవది పేరును పంచిపెట్టినది. ప్రజలకు చేరినది రెండవదియే.

1951 నవంబరులో ఎరిక్ షిప్టన్ మెన్‌లుంగ్ హిమానీనదముపై తీసిన ఛాయాచిత్రముతో ఈ పేరునకు రూపము కూడ వచ్చినది. జాడ ప్రక్కన మంచుగొడ్డలి ఉంచుటచే దాని పరిమాణము తెలియుచున్నది. అది మంచి పద్ధతి. అయితే మంచుపై పడిన జాడ ఎండకు కరగి అంచులు విరియును. రెండు పాదముల జాడలు ఒకదానిపై ఒకటి పడి ఒక్క పాదమువలె కనబడవచ్చును. జాడ ఎంత పెద్దదో బొమ్మ చెప్పగలదు. పడిన గడియలో ఎంత యుండెనో చెప్పలేదు.

1954లో లండనులోని డెయిలీ మెయిల్ పత్రిక పంపిన అన్వేషకబృందములో కలకత్తాలోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణసంస్థకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు బిశ్వమయ్ బిశ్వాస్ పాల్గొన్నాడు. ఆ బృందము పాంగ్‌బోచే మఠమున పూజ్యముగా నుంచిన ‘యేతి తలచర్మము’ను పరిశీలించి, వెండ్రుకలను పరీక్షకు పంపినది. ఫ్రెడరిక్ వుడ్ జోన్స్ వానిని పరీక్షించి, అది తలచర్మము కానే కాదనియు, గిట్టలుగల జంతువు చర్మమై యుండుననియు అభిప్రాయపడినాడు. 1960లో ఎడ్మండ్ హిల్లరీ ఖుంజుంగు గ్రామములోని మరియొక తలచర్మమును విదేశములకు తీసికొనిపోయి పరీక్ష చేయించినాడు. అది సీరో అను కొండమృగపు తోలును అచ్చులో పెట్టి మలచినదని తేలినది. గ్రామస్థులు దానిని ఎవరికిని అమ్మజూపలేదు. తమ ఆచారములలో నిలుపుకొన్నారు. దేవతావేషమునకు కిరీటము కట్టినవానిని మోసగాడనుట ఎట్లు పొసగదో, వారిని నిందించుటయు అట్లే పొసగదు. ప్రశ్న వచ్చినవారిది, వస్తువు గ్రామముది. 2017లో షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందము యేతివని చెప్పబడిన తొమ్మిది నమూనాల జన్యుపదార్థమును పరీక్షించగా ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది అయినవి. వాడెల్ చెప్పిన మాటయే నూటికి పై సంవత్సరములకు ప్రయోగశాల చెప్పినది. అయినను 2019 ఏప్రిలులో భారతసైన్యము మకాలు స్థావరసమీపమున 32 అంగుళముల పొడవు, 15 అంగుళముల వెడల్పుగల యేతి జాడలు కనబడినవని బొమ్మలతో ప్రకటించినప్పుడు దేశమంతట మరల అదే చర్చ చెలరేగినది.

కదలుబొమ్మ వచ్చిన తరువాత ఈ సందేహములు తీరునని పలువురు ఆశించినారు. 1967 అక్టోబరు 20వ తేదీన కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీకు వద్ద రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అనువారు వెండ్రుకలతో నిండిన ఒక ఆకారము నడచిపోవుటను చిత్రించినారు. అది మనిషి నడక కాదని కొందరు, వేషము వేసికొన్న మనిషియేనని కొందరు ఇప్పటికిని వాదించుచున్నారు. వాదము తెగకుండుటకు ఒక చిన్న లోపము ముఖ్యకారణము. ఆ యంత్రము క్షణమునకు ఎన్ని బొమ్మల చొప్పున తిరిగినదో నిశ్చయముగా తెలియదు. క్షణమునకు 16 అయినచో నడక ఒక తీరుది, 24 అయినచో మరియొక తీరుది. కాలప్రమాణము తెలియని చిత్రమునుండి నడకను లెక్కించుట తూనికరాళ్లు లేని త్రాసుతో బంగారము తూచుటవంటిది.

నిశ్చలచిత్రము సంగతియు ఇంతే. 1986లో ఆంథొనీ వుల్‌రిజ్ అను ఆంగ్లయాత్రికుడు గఢవాలు మంచులో నిలుచున్న ఒక ఆకారమును దూరమునుండి చూచి చిత్రములు తీసినాడు. శాస్త్రజ్ఞులు కొందరు వానిని ఆదరముతో స్వీకరించినారు. తరువాత ఆ స్థలమును మరల కొలిచి చూడగా అది మంచునుండి పైకి వచ్చిన బండరాయి యని తెలిసినది. వుల్‌రిజ్ తన పొరపాటును బహిరంగముగా ఒప్పుకొన్నాడు. అతడు వంచకుడు కాదు. త్రాటిని పామనుకొని, దీపము తెచ్చి చూచి, త్రాడని చెప్పినవాడు. ఇట్టివాని సాక్ష్యము తప్పయినను వాని ప్రవర్తన సాక్షులందరికి ఒరవడి కాదగినది. 1934లో వెలువడిన లాఖ్ నెస్ సరస్సులోని మృగపు ఛాయాచిత్రము సంగతి వేరు. బొమ్మపడవకు తల అమర్చి తీసిన ఆ చిత్రపు గుట్టు అరువది సంవత్సరములకు, 1994లో, బయటపడినది. భ్రమ సత్యము తెలియగానే తొలగును. మోసము సత్యము తెలిసినను నోరు మెదపదు.

పరీక్షకులు కూడ తమ కోరికకు లోబడుదురు. అమెరికాలో అంతరించినదని భావింపబడిన దంతపు ముక్కు వడ్రంగిపిట్ట 2004లో డేవిడ్ లూనో తీసిన కొద్ది క్షణముల మసకచిత్రములో కనబడినదని 2005లో ప్రసిద్ధ శాస్త్రపత్రిక ప్రకటించినది. మరుసటి సంవత్సరమే డేవిడ్ సిబ్లీ ప్రభృతులు అదే పత్రికలో, ఆ రెక్కల తెలుపునలుపులు అచ్చట సాధారణముగా తిరుగు మరియొక వడ్రంగిపిట్టకును సరిపోవునని చూపినారు. ఆ చిత్రమును తీసినవారును చూచినవారును సజ్జనులు, విద్వాంసులు. వారికి ఆ పక్షి బ్రతికియుండవలెనని గాఢమైన కోరిక. మసకగా నున్న భాగమును కోరిక పూరించును.

వస్తువు చేతికి వచ్చినంతమాత్రమున కూడ పరీక్ష ముగియదు. 1873లో ఎ. ఓ. హ్యూమ్ వర్ణించిన అడవి గుడ్లగూబ యొకటి పందొమ్మిదవ శతాబ్దము తరువాత కనబడలేదు. 1914లో గుజరాతులో దానిని తాను కొట్టితినని రిచర్డ్ మైనర్ట్స్‌హాగన్ చూపిన చర్మము మాత్రము ఉండెను. పామెలా రాస్‌ముసెన్ పరిశీలించి అది వస్తుశాలనుండి దొంగిలించి, మరల కుట్టి, క్రొత్త చీటీ కట్టిన పాత చర్మమని కనిపెట్టినది. గుజరాతు చీటీని నమ్మియున్నచో వెదకులాట తప్పుచోట జరిగెడిది. దానిని త్రోసివేసి, నమ్మదగిన పాత చీటీలను అనుసరించి, ఆమె బృందము 1997 నవంబరులో మహారాష్ట్రములోని షహదా వద్ద ఆ పక్షిని సజీవముగా చూచినది. చర్మము నిజము, చీటీ అబద్ధము. బొమ్మకైనను చర్మమునకైనను అది ఎచ్చటనుండి ఏ చేతులమీదుగా వచ్చినదో చెప్పు చీటీయే ప్రాణము.

మాటను సరిగా విని సరిగా పరీక్షించినచో ఏమి లభించునో తెలుగుదేశపు కలివికోడి చరిత్ర చూపుచున్నది. ఈ కథయు కలకత్తాలోనే మొదలైనది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన టి. సి. జెర్డన్ తూర్పుకనుమల ప్రాంతమున దొరకిన ఒక పక్షిని ఎరిగించగా, ఏషియాటిక్ సొసైటీ వస్తుశాల పాలకుడైన ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానిని వర్ణించి పేరు పెట్టినాడు. 1900లో అనంతపురము ప్రాంతమున హవర్డ్ క్యాంబెల్ చూచిన తరువాత ఎనుబది అయిదు సంవత్సరములు శాస్త్రజ్ఞులలో ఎవరికిని అది కనబడలేదు. అంతరించినదనియే పలువురు తలచినారు. పగటిపూట వెదకినవారికి రాత్రి తిరుగు పక్షి ఎట్లు కనబడును? బొంబాయి సహజచరిత్ర సంఘమువారు కడపమండలపు పల్లెలలో పక్షులు పట్టువారిని విచారించినారు. వారికి ఆ పక్షి తెలియును. దానికి పేరును ఉన్నది. 1986 జనవరిలో సిద్ధవటము సమీపమున రెడ్డిపల్లెవద్ద స్థానికుడైన వేటగాడొకడు రాత్రి దీపపు వెలుతురులో దానిని పట్టి తెచ్చినాడు. సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని గుర్తించి లోకమునకు తెలిపినాడు.

హాడ్జ్‌సన్ వేటగాడు పారిపోయి వచ్చినాడు. కడప వేటగాడు పట్టి తెచ్చినాడు. ఇద్దరి మాటయు ప్రారంభములో సమానమైనదే. ఇద్దరిని సమానముగా వినుట పరీక్షకుని ధర్మము. తరువాత మాటను వస్తువుతో పోల్చి తీర్పు చెప్పుట కూడ వాని ధర్మమే. పక్షి దొరకిన తరువాత పరిశోధకులు దాని నివాసమును తెలిసికొనుటకు అనుసరించిన పద్ధతి ఇంకను గమనింపదగినది. పొదల నడుమ మెత్తని మన్ను పరచి చదును చేసి, దానిపై పడు అడుగుజాడలను కొలిచినారు. తానై పనిచేయు ఛాయాగ్రహణయంత్రములను అచ్చటనే అమర్చినారు. ఏ జాడ ఏ ప్రాణిదో ఇట్లు నిర్ధారణ కలిగినది. ఈ పద్ధతి 2002లో అచ్చయినది. షిప్టన్ మంచులో దొరకని సౌకర్యమును వీరు మన్నులో కల్పించుకొన్నారు. ఆ జాడలు ఊరక పోలేదు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వుచున్నప్పుడు ఈ పక్షికొరకు దాని మార్గమును మార్చవలసివచ్చినది. దొంగసాక్ష్యమును ఆధారము చేసికొన్నచో కాలువ వృథాగా వంకర తిరుగును. నిజసాక్ష్యమును పరిహసించినచో ఒక జాతియే నశించును. ఈ పరీక్ష వినోదము కాదనుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కరలేదు.

కలకత్తా 2001లో కోల్‌కతా అయినది. ఏషియాటిక్ సొసైటీ సేకరించిన జంతుసంపద పందొమ్మిదవ శతాబ్దములోనే చౌరంగీలోని ఇండియన్ మ్యూజియమునకు చేరినది. 1916లో స్థాపితమైన జంతుశాస్త్ర సర్వేక్షణసంస్థ ప్రధానకార్యాలయము ఆ నగరముననే ఉన్నది. అట్టి సంస్థలలో ప్రతి చర్మమునకు, ప్రతి ఎముకకు ఒక చీటీ కట్టబడి యుండును: ఎచ్చట, ఎన్నడు, ఎవరు. నేడు చేతిలో ఇముడు యంత్రముతో ప్రతివాడును కదలుబొమ్మ తీయగలడు. కెమేరా ఎదుట ఏమియు లేకయే గణకయంత్రము బొమ్మను పుట్టింపగలదు. ఒకప్పుడు ఈ బొమ్మలో నున్నదేమి యని అడిగినవారు ఇప్పుడు ఈ బొమ్మకు ఎదుట ఏదైన ఉండెనా యని కూడ అడుగవలసి యున్నది. బొమ్మ ఎంత స్పష్టమైనను ఈ ప్రశ్నకు అది తనంతట తాను ఉత్తరము చెప్పలేదు. తీసిన స్థలమునకు మరల పోవుట, ప్రక్కనున్న చెట్టును రాయిని కొలుచుట, తీసిన మూలప్రతిని అడుగుట, నీవు చూచితివా యని అడుగుట, ఆ పాతపనులే మరల శరణ్యము. ఏమియు తెగనప్పుడు తెగలేదని వ్రాసి ఉంచుట వానిలో కడపటిది, కష్టమైనది. 1832లో హాడ్జ్‌సన్ చేసినది ఆ పనియే.